కేబుల్ తీసేశాక మిగిలిందెంత: కోనసీమలో ఫ్రీ డిష్ వాడిన అనుభవం

కేబుల్ తీసేసి ఫ్రీ డిష్ పెట్టుకుంటే నిజంగా డబ్బు మిగులుతుందా అని అడిగేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. మిగులుతుంది. కాకపోతే ఇంట్లో ఎవరు ఏం చూస్తారో ముందు తేల్చుకున్న ఇంటికే మిగులుతుంది. మాది రాజోలు దగ్గర, వైనతేయ పాయకు కాస్త ఇవతలి ఊరు. ఇంట్లో నేను, మా వారు, అత్తయ్యగారు, ఇంటర్ చదివే అబ్బాయి. 2021 నుంచి మా ఇంటికి కేబుల్ తీగ లేదు. అప్పటి నుంచి వరదలు, తుఫాన్లు, ఎండలు అన్నిటినీ చూసిన డిష్ ఇది.

బిల్లు సంగతి ముందు చెప్తాను. 2019 ఫిబ్రవరిలో టీవీ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పుడు, కనెక్షన్‌కు నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఛార్జీ 130 రూపాయలు, జీఎస్టీ కలిపి 153 రూపాయల 40 పైసలు అన్నారు. దాని మీద మనం ఎంచుకున్న పే ఛానెళ్లకు విడిగా కట్టాలి. కాగితం మీద ఇది మంచి పద్ధతే. మా దగ్గర మాత్రం ఎవరూ ఎంచుకోలేదు. ఆపరేటర్ వేసిన ప్యాకే అందరికీ వచ్చింది. అందులో మేం ఏనాడూ పెట్టని ఛానెళ్లే ఎక్కువ. కనెక్షన్ తీయించే నాటికి నెలకు 350 కడుతున్నాం. అంటే ఏడాదికి 4,200.

ఇక ఫ్రీ డిష్. ఇది ప్రసార భారతి నడిపే సర్వీసు, 2004 డిసెంబరులో మొదలైంది. నెలవారీ చందా లేదు, రీఛార్జ్ లేదు. డిష్, బాక్సు, వైరు, బిగింపు కూలీ అన్నీ కలిపి మాకు 1,800 అయింది. ఎవరైనా ఇంటికొచ్చి "ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టాలి" అంటే నమ్మకండి. మా వీధిలోనే ఒకరు అలా రెండు నెలలు కట్టారు.

బిగింపు దగ్గరే మన కోనసీమలో అసలు చిక్కు ఉంది. ఫ్రీ డిష్ సిగ్నల్ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది కాబట్టి మన డిష్ ఆగ్నేయానికి తిరిగి ఉండాలి. ఎత్తు కోణం చూస్తే ఇక్కడి నుంచి దాదాపు 66 డిగ్రీలు. చూడ్డానికి డిష్ అంత పైకి తిరిగినట్టు కనిపించదు గానీ సిగ్నల్ దిగేది మాత్రం నడినెత్తికి కాస్త పక్కనుంచే. కొబ్బరిచెట్ల మధ్య ఇళ్లు కట్టుకున్న మనకు ఇది ఒక రకంగా మేలే. అరవై అడుగుల చెట్టయినా డిష్‌కి నలభై అడుగుల అవతల ఉంటే మట్టలతో సహా అడ్డం రాదు. ఆగ్నేయం వైపు గోడకు ఆనుకుని చెట్టుంటే మాత్రం పెట్టే చోటు మార్చుకోవాల్సిందే. మా డాబా మీద మొదట పెట్టిన చోట పగలు బాగానే వచ్చేది. గాలి లేచిందంటే మట్ట ఊగినప్పుడల్లా బొమ్మ ఆగిపోయేది. డిష్‌ని డాబా రెండో మూలకు జరిపాక ఆ బాధ పోయింది.

బిగించే అబ్బాయిని ఊరికే పంపేయకండి. రిమోట్‌లో మెనూ నొక్కితే సిగ్నల్ స్ట్రెంత్, సిగ్నల్ క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్ నిండుగా ఉందని మురిసిపోవద్దు. వైరు సరిగ్గా తగిలితే చాలు, అది చూపిస్తుంది. క్వాలిటీ గీత పెరిగితేనే డిష్ ఉపగ్రహాన్ని పట్టుకున్నట్టు. మా ఇంట్లో ఆ అబ్బాయి నట్టు బిగించి దిగబోతుంటే మా వారు మళ్లీ ఎక్కించి, డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీని కొద్దికొద్దిగా తిప్పమన్నారు. గుండ్రటి బిగింపులో అది వేలి మందం జరిగేసరికి క్వాలిటీ గీత సగం నుంచి పైకి పాకింది. ఆ కాస్తే వానాకాలంలో మమ్మల్ని కాపాడుతోంది. తర్వాత కనెక్టర్ల మీద రబ్బరు టేపు చుట్టించాం. వాటిలోకి నీళ్లు దిగితే రాగి పచ్చబడి, నెలల తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి బొమ్మ పోతుంది. అప్పుడు లోపం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

వాన విషయంలో దాపరికం లేకుండా చెప్పాలి. కుండపోత కురిస్తే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, ఆ తర్వాత 'నో సిగ్నల్' వస్తుంది. ఈ తరంగాలను చిక్కటి వాన మింగేస్తుంది. ఎంత ఖరీదైన డీటీహెచ్‌కైనా ఇదే గతి. వాన తెరిపిస్తే దానంతట అదే వస్తుంది. మామూలు ముసురుకు మా ఇంట్లో ఎప్పుడూ ఆగలేదు. కేబుల్ వానలో ఆగదు, నిజమే. కానీ స్తంభాల మీద లాగిన ఆ తీగ మీద ఒక చెట్టు పడితే మళ్లీ కట్టేదాకా ఇంటికి టీవీ లేనట్టే. మేం వారం దాకా ఎదురుచూసిన సందర్భాలున్నాయి.

తుఫాను హెచ్చరిక వస్తే మేం డిష్‌ను దింపేస్తాం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ సాయంత్రానికే దింపేశాం. దింపే ముందు గొట్టం మీద, క్లాంపు మీద కలిసేలా పెయింటుతో ఒక గీత పెట్టుకుంటే చాలు. మళ్లీ ఎక్కించేటప్పుడు రెండు గీతలూ కలిపి బిగిస్తే మెకానిక్ అవసరం లేకుండానే సిగ్నల్ దొరుకుతుంది. సముద్రానికి దగ్గరున్న వాళ్లకు ఇంకో మాట. మా ఆడపడుచు వాళ్లది అంతర్వేది వైపు. అక్కడి ఉప్పుగాలికి మామూలు నట్లు తుప్పుపట్టి పట్టు సడలాయి, డిష్ వంగింది. స్టీలు నట్లు వేయించుకుని, ఏడాదికోసారి గ్రీజు రాస్తున్నారు.

ఇక ఏం వస్తాయి అన్నది. డీడీ సప్తగిరి వస్తుంది. ఆకాశవాణి ఛానెళ్లు వస్తాయి, మా వారు పొద్దున్నే టీవీలో పెట్టుకునేది అవే. చదువుల ఛానెళ్లు కూడా ఉన్నాయి. కరోనా రోజుల్లో బళ్లు మూసినప్పుడు వచ్చిన పీఎం ఈ-విద్య తరగతులు మా అబ్బాయికి పనికొచ్చాయి. ప్రైవేటు ఛానెళ్లలో హిందీవే బాగా ఎక్కువ. ఛానెళ్లకిచ్చే చోట్లకు (స్లాట్లకు) ఏటా వేలం ఉంటుంది కాబట్టి ఏప్రిల్ వచ్చేసరికి కొన్ని పోతాయి, కొన్ని చేరతాయి. అప్పుడు బాక్సులో ఛానెళ్లను మళ్లీ వెతికే ఆటో స్కాన్ ఒకసారి నడపాలి. అది తెలియక బాక్సు పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్లున్నారు.

క్రికెట్ చూసే ఇంటికి మాత్రం ఇది వరమే. 2007లో చేసిన చట్టం ప్రకారం, ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్నవాళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలి. ఆ ప్రసారాన్ని దూరదర్శన్ కేబుల్ వాళ్లకు ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఇండియా ఆడే వన్డేలు, టీ20లు డీడీ స్పోర్ట్స్‌లో ఫ్రీ డిష్ ఉన్నవాళ్లకు వస్తాయి, కేబుల్‌లో అదే ఛానెల్ పెడితే వేరే ఏదో వస్తుంది. ఐపీఎల్ మాత్రం డీడీ స్పోర్ట్స్‌లో ఇలా రాదు.

అసలు సమస్య సీరియళ్లు. జెమినీ, స్టార్ మా, జీ తెలుగు లాంటి పే ఛానెళ్లు మా డిష్‌లో రావు. మొదటి వారం సాయంత్రం ఏడు అయ్యేసరికి అత్తయ్యగారు రిమోట్ పట్టుకుని, "అమ్మాయ్, ఆ కేబుల్ అబ్బాయికి ఫోన్ చెయ్యవే" అనేవారు. ఆవిడ బాధ న్యాయమైంది. ఆ వేళకు పక్కింటి పిన్నిగారు వచ్చి కూర్చుంటారు, ఇద్దరూ చూసిన కథ మీద మర్నాడు మాట్లాడుకుంటారు. ఒక్క పొదుపు లెక్క కోసం ఒక పెద్దావిడ సాయంత్రాలను తీసేయడం నాకు సమ్మతం కాదు. అందుకని కూర్చుని, ఆవిడ వారమంతా నిజంగా చూసేవి ఏవో రాశాం. అన్నీ కలిపి రెండు ఛానెళ్లలోవే.

ఇక్కడే చాలామంది డబ్బు జారిపోతోంది. స్టార్ మా కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగు కావాలంటే జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్, సినిమాలకు ఆహా, ఇలా ఇంటర్నెట్‌లో చూసే ఓటీటీ యాప్‌లు. ఇన్నీ కొంటే కేబుల్ కంటే ఎక్కువే అవుతుంది. మేం ఒకసారికి ఒకటే కొంటాం. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసినప్పుడు రెండు తెరలకు పనికొచ్చే ప్లాన్ మూడు నెలలకు 299, ఏడాదికి 899 పెట్టారు. ప్రకటనలు వస్తాయి, కానీ అవి కేబుల్‌లోనూ వచ్చేవి. మేం ఏడాదిది తీసుకున్నాం. రెండో ఛానెల్ సీరియల్ కోసం ఆవిడ ముక్కలుగా వచ్చే యూట్యూబ్ ప్రోమోలతో కొన్నాళ్లు సరిపెట్టుకున్నారు. తర్వాత ఆసక్తే పోయింది. వార్తలకు ఏ చందా అక్కర్లేదు. తెలుగు న్యూస్ ఛానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి, తిరుమల ఎస్వీబీసీ కూడా అక్కడ ఉంది.

అత్తయ్యగారికి బాగా నచ్చిన సంగతి ఒకటి నేను ఊహించనిది. కరెంటు పోయి ఎపిసోడ్ తప్పిపోతే ఇప్పుడు టెన్షన్ లేదు, మర్నాడు మధ్యాహ్నం యాప్‌లో పెట్టుకుని చూస్తారు. అందులో పేర్లు వెతకడం ఆవిడకు రాదు. ఫోన్‌లో మైకు నొక్కి పేరు చెప్పడం అబ్బాయి నేర్పాడు.

ఇంటర్నెట్ ఖర్చును లెక్కలో కలపాలా వద్దా అన్నదే అందరూ దాటేసే మాట. మా ఇంట్లో ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులకు పెట్టించాం, కేబుల్ ఉన్నా లేకపోయినా అది ఉండేదే. 399 ప్లాన్ జీఎస్టీతో 471 అవుతుంది. కేవలం టీవీ కోసం దాన్ని కొత్తగా పెట్టించుకుంటే ఏడాదికి 5,600 పైనే, అంటే కేబుల్‌ను మించిపోతుంది. అలాంటి ఇంటికి నేను ఓటీటీ దారి చెప్పను. ఫోన్‌లో రోజుకు రెండు జీబీ వచ్చే రీఛార్జ్ ఎలాగూ ఉంటే, మామూలు క్వాలిటీలో రెండు మూడు గంటలు టీవీకి సరిపోతుంది. హెచ్‌డీ పెడితే గంట తిరిగేసరికి ఖాళీ. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ 2017లో మొదలైనప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి 149కే ఇచ్చారు. తర్వాత ధరలు మారాయి కాబట్టి, మీ ఊళ్లో ఇప్పుడెంతో కనుక్కుని పోల్చుకోండి.

నెట్ మీదే పూర్తిగా ఆధారపడటం కూడా నాకు ఇష్టం లేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ చాలా రోజులు ఆగిపోయింది. ఇంటి నుంచి పని చేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని జిల్లా దాటి వెళ్లారు. ఫోన్ డేటాతో టీవీ చూసే ఇళ్లలో తెర నల్లగా ఉండిపోయింది. డిష్ మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. అదే ఏడాది జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మా చుట్టాలకు కరెంటే లేదు, అప్పుడు ఏ టీవీ పనికిరాలేదు. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

పాత రోజుల్లో వెదురు గడకు కట్టిన యాంటెన్నా గుర్తుండి, అలాంటిదే ఆన్‌లైన్‌లో కొనాలని చూసేవాళ్లున్నారు. కొనకండి. భూమి మీది ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా మూసేసింది, మన వైపు పట్టుకోడానికి సిగ్నలే లేదు. భీమవరం వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా పాకల్లో చూశాను, చిన్న ఫ్రీ డిష్, బ్యాటరీతో నడిచే టీవీ. కేబుల్ తీగ ఎన్నటికీ చేరని చోటు అది. వాళ్లకు ఇంతకంటే మంచిది లేదు.

మా లెక్క ఇలా తేలింది. మొదటి ఏడాది డిష్ ఖర్చుతో పెద్దగా మిగల్లేదు. 2025లో 4,200 బదులు 899 కట్టాం. ఏడాదికి 3,300 చేతిలో మిగిలింది, అప్పటికి దాదాపు నాలుగు గ్యాస్ బండల డబ్బు. మధ్యలో ఒకసారి ఎల్‌ఎన్‌బీ మార్చాం, దానికి మూడు వందల లోపే అయింది.

పిన్నిగారు మాత్రం కేబుల్ ఉంచుకున్నారు, ఉంచుకోమని చెప్పింది కూడా నేనే. ఆవిడకు స్మార్ట్ ఫోన్ లేదు, లైవ్ సీరియలే కావాలి. ప్యాకులన్నీ తీయించి, రెండు తెలుగు ఛానెళ్లను విడిగా పెట్టించాం. ఒక్కోటి 19 రూపాయలనుకున్నా, నెట్‌వర్క్ ఛార్జీ, జీఎస్టీ కలిపి రెండు వందల లోపే తేలింది. అడిగితే ఆపరేటర్ విడి ఛానెళ్లు ఇవ్వాల్సిందే, అది రూలు. నెట్‌వర్క్ ఛార్జీకి ఉన్న 130 పరిమితిని 2024 జులైలో ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు అడిగేవాళ్లు ముందు ఆ అంకె ఎంతో కనుక్కోవాలి.

కనెక్షన్ తీయించేవాళ్లు ఒకటి మరవకండి. సెట్‌టాప్ బాక్సు మీరు కొన్నదా, అద్దెదా చూసుకోండి. అద్దెదైతే తిరిగిచ్చేటప్పుడు తీసుకున్నట్టు ఒక చీటీయో, వాట్సాప్ మెసేజో రాయించుకోండి. మా ఊళ్లో ఒకరికి తీగ కోసిన ఆరు నెలల తర్వాత బాకీ ఉందని బిల్లు వచ్చింది. మెసేజ్ ఉండబట్టి ఊరుకున్నారు.