కోల్మార్: బలిపీఠం ముందు నాన్నగారు

ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న కోల్మార్‌కు స్ట్రాస్‌బర్గ్ నుంచి రైలులో అరగంట. ఒక్క రోజులో మూడు మ్యూజియంలు చూడాలని బయలుదేరిన మేము ఉన్టర్‌లిండెన్‌లోనే మూడు గంటలు గడిపాము. అందుకు నాకు ఏమాత్రం విచారం లేదు.

మేము వెళ్లినప్పుడు టికెట్ మనిషికి 13 యూరోలు. పూర్వపు సన్యాసినుల మఠంలో 1853లో నెలకొల్పిన ఈ మ్యూజియానికి ప్రాణం ఐజెన్‌హైమ్ బలిపీఠం, అంటే చర్చి బలిపీఠం మీద నిలిపే బొమ్మల పలకల సముదాయం. జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య చిత్రించిన ఆ పలకలు ఒకప్పుడు తలుపుల్లా తెరుచుకునేవి. ఇప్పుడు వాటిని విడదీసి, చుట్టూ తిరిగి చూసేలా నిలబెట్టారు. శిలువ మీది క్రీస్తు ఒళ్లంతా పుండ్లు, ముళ్లు, పచ్చబారిన చర్మం. మా వారు ఎక్కువసేపు చూడలేక పక్కకు వెళ్లిపోయారు.

ఆ బలిపీఠం చేయించిన ఐజెన్‌హైమ్ ఊరి మఠంలో రోగులకు వైద్యం జరిగేది. రై ధాన్యానికి ఎర్గాట్ అనే బూజు పట్టి, ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవారికి కాళ్లూ చేతులూ మండి కుళ్లిపోయేవి. అటువంటి రోగులను ఈ బొమ్మల ముందుకు తీసుకువచ్చేవారు. నేను ఈ సంగతి చదివి చెప్పగానే, ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్లు సజ్జ పండించిన మా నాన్నగారు, "మన తేనెబంక తెగులు లాంటిదేనమ్మా. విత్తనాలు ఉప్పునీళ్లలో పోసి, పైకి తేలినవి తీసేసేవాళ్లం" అన్నారు. ఆ తరువాత ఆయన, ఓ మూలన పొట్ట ఉబ్బి, ఒళ్లంతా కురుపులతో ఒరిగిపోయిన రోగి బొమ్మ దగ్గర నిలబడి, చాలాసేపు కదలలేదు.

మధ్యాహ్న భోజనం మాత్రం చేదుగా మిగిలింది. నాన్నగారు శాకాహారి. ఒక హోటల్లో, మాంసం లేకుండా తార్త్ ఫ్లాంబే (అక్కడి పల్చటి రొట్టె) చేసి ఇమ్మని రెండుసార్లు చెప్పి, సరేనని వాళ్లు ఒప్పుకున్నాకే కూర్చున్నాము. అయినా మీగడ, ఉల్లిపాయల మధ్య పంది మాంసం ముక్కలతోనే తెచ్చిపెట్టారు. తప్పు తమదైనా, మళ్లీ చేసి ఇచ్చిన దానికి 11.50 యూరోలు బిల్లులో వేశారు. అడిగితే, ఆర్డర్లో అలా రాసి లేదన్నారు. డబ్బు కన్నా, ఆయన ఆ పళ్లెం దూరంగా జరిపి ఊరుకున్న తీరు నన్ను బాధించింది. మీరైతే కాగితం మీద ఫ్రెంచిలో రాయించి చూపండి.

సాయంత్రం బార్తోల్డీ పుట్టిన ఇల్లు చూశాము. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమను మలిచిన ఆ శిల్పి 1834లో పుట్టింది ఇక్కడే. ప్రతిమ చెవికి అసలు కొలతతో చేసిన ప్లాస్టర్ నమూనా పక్కన నిలబడ్డాకే ఆ విగ్రహం ఎంత పెద్దదో నాకు నిజంగా తెలిసింది. డొమినికన్ చర్చిలో 1473లో షోన్‌గావర్ చిత్రించిన ‘గులాబీ తోట మేరీమాత’ను చూడటానికి వేళ మించిపోయింది. మీరు వెళ్తే ఉన్టర్‌లిండెన్‌తో మొదలుపెట్టండి. మంగళవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు దానికి సెలవు.