మోకాలు బాగానే చేశారు, నేను రాసేది యూరిన్ బ్యాగ్ గురించి (4/5)

మాది అనంతపురం, అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, షుగరు బీపీ రెండూ ఉన్నాయి, నేను ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో కాబట్టి ఇక్కడే దగ్గర్లో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ముందు కుడి మోకాలు మార్పించాం. ఆపరేషన్ సంగతి ఎక్కువ రాయను, మూడో రోజుకే వాకర్‌తో నడిచింది.

అసలు కథ మొదటి రాత్రిది. నైట్ డ్యూటీ సిస్టర్ గంటగంటకీ వచ్చి యూరిన్ బ్యాగ్ చూసి రాసుకుంటా ఉంటే నిద్ర పాడుచేస్తోందని నేనే విసుక్కున్నా. తెల్లారుజామున నాలుగింటికి లెక్కేస్తే ఆరు గంటల్లో 130 మి.లీ. మాత్రమే వచ్చింది, అమ్మ బరువు 60 కిలోలు, కిలోకి గంటకి అర మి.లీ. చొప్పున కనీసం 180 రావాలంట. వెంటనే డ్యూటీ డాక్టర్‌ని లేపింది. పొద్దున రిపోర్ట్‌లో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగేది) 1.2, ల్యాబ్ వాళ్ళ లెక్కలో అది నార్మలే, ఎర్ర గుర్తు కూడా లేదు, నేనైతే హమ్మయ్య అనుకున్నా. కానీ ఆ డాక్టరమ్మ ఆపరేషన్‌కి ముందు తీసిన రిపోర్ట్ తెప్పించి చూసింది, అందులో 0.8 ఉంది. రెండు రోజుల్లోపల 0.3 పెరిగినా కిడ్నీకి దెబ్బ తగిలిందనే లెక్క అని కూర్చోబెట్టి చెప్పింది, పైగా క్రియాటినిన్ లేటుగా పెరుగుతుందంట, ఎన్‌గాల్ అనే టెస్ట్‌లో అయితే కొన్ని గంటల్లోనే తెలుస్తుందంట గానీ ఇక్కడ అది మామూలుగా చెయ్యరంట. మరి యూరిన్ కొలవడానికి ఖర్చేముంది చెప్పండి, ఒక సిస్టర్, ఒక పెన్ను!

కిడ్నీ డాక్టర్ వచ్చి నొప్పికి ఇస్తున్న డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కిడ్నీకి మంచిది కాదని ఆపేసి దాని బదులు పారాసిటమాల్ పెట్టారు, అమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ కూడా కొన్నాళ్ళు ఆపమన్నారు, సెలైన్ చూసి చూసి ఎక్కించారు. ఇంతలో యూరిన్ ట్యూబ్ తీసేయగానే మా అమ్మ నీళ్ళు తాగడం మానేసింది, ఎందుకమ్మా అంటే "బాత్రూంకి పోవాలంటే మళ్ళా ఆ పాపను పిలవాల కదరా" అంటుంది. బతిమాలి తాగించాం. నాలుగో రోజుకి క్రియాటినిన్ 0.9కి దిగింది.

క్యాంటీన్ గురించి అడక్కండి, సాంబార్లో బెల్లం, అమ్మ ఇంటి నుంచి ఊరిమిండి (మా వైపు పచ్చడి) తెప్పించుకుంది.

మరి ఒక స్టార్ ఎందుకు కోశానంటే, డిస్చార్జ్ కాగితంలో మందుల లిస్ట్ చూస్తే ఎసిక్లోఫెనాక్, అంటే ఆపేసిన డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రే, రోజుకి రెండు, వారం పాటు! మోకాలి పేషెంట్లందరికీ ఇచ్చే లిస్ట్‌నే ప్రింట్ కొట్టారు. కౌంటర్లో అడిగితే "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అన్నారు. అమ్మని వీల్‌చెయిర్లో పెట్టుకుని గంటన్నర నిలబడి ఆ డాక్టరమ్మతోనే కొట్టేయించి సంతకం పెట్టించుకుని బయటపడ్డాం.