ఫ్లైఓవరా, లింకు రోడ్డా, బస్సా? పెరుగుతున్న ఊరికి ఏది మేలు?

గట్టి వాన పడిన సాయంత్రం లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు, హైదరాబాద్ పడమటి వైపు రోడ్ల కథ మొత్తం అర్థమైపోతుంది. ఇటు చందానగర్, అటు నల్లగండ్ల, మధ్యలో రైలు పట్టాలు. బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. బైకుల మీద వచ్చినవాళ్లు సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయని ఒడ్డునే ఆగిపోతారు. ఆటోవాళ్లు వెనక్కి తిప్పబోయి అడ్డంగా ఇరుక్కుంటారు. వెనక బస్సులో ఉన్న యాభై అరవై మంది కిటికీల్లోంచి తొంగి చూస్తూ ఇళ్లకు ఫోన్లు చేస్తుంటారు. అది దాటలేకపోతే నల్లగండ్ల బ్రిడ్జి వైపు తిరగాలి, లేదంటే హఫీజ్‌పేట దాకా పోవాలి. ఆ పూట అందరూ అక్కడికే పోతారు కాబట్టి అవీ నిండిపోతాయి.

పదమూడేళ్లుగా ఈ వైపే ఉంటున్నాను. ఈ ఇబ్బంది వచ్చినప్పుడల్లా కాలనీ మీటింగుల్లో వినిపించే మొదటి మాట, "ఇక్కడ ఒక ఫ్లైఓవర్ పడితే గానీ తీరదు." నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో వివరంగా చెప్పాలనిపించింది. ఇదే చర్చ ఇప్పుడు తెల్లాపూర్‌లో, కొల్లూరులో, బాచుపల్లిలో కూడా నడుస్తోంది.

ముందు ఫ్లైఓవర్ల సంగతి. గత పదేళ్లలో మా వైపు కట్టినన్ని నగరంలో ఇంకెక్కడా కట్టి ఉండరు. మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ, షేక్‌పేట, కొత్తగూడ, శిల్పా లేఅవుట్, గోపన్‌పల్లి తండా, ఇవి కాక దుర్గం చెరువు మీద తీగల వంతెన. వీటివల్ల మేలు జరగలేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. షేక్‌పేట ఫ్లైఓవర్‌నే తీసుకోండి. 2022 జనవరి 1న తెరిచారు. పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, ఖర్చు 333 కోట్లు. సెవెన్ టూంబ్స్, ఫిల్మ్‌నగర్, ఓయూ కాలనీ, విస్పర్ వ్యాలీ, ఇన్ని జంక్షన్లను ఒక్క ఊపులో దాటిస్తుంది. మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి వెళ్లేవాడికి ఆ మధ్యలో దేనితోనూ పని లేదు. అలా నేరుగా వెళ్లే బండ్లు ఎక్కువగా ఉన్నచోట ఫ్లైఓవర్ కట్టాల్సిందే. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి కొండాపూర్ వైపు 2025 జూన్‌లో తెరిచిన శిల్పా లేఅవుట్ రెండో దశ ఫ్లైఓవర్ కూడా అలాంటిదే. ఔటర్ దిగి వచ్చేవాళ్లను గచ్చిబౌలి జంక్షన్‌లో పడనివ్వకుండా పైనుంచి తీసుకెళ్తుంది.

చిక్కు ఎక్కడంటే, పెరుగుతున్న ప్రాంతంలో మన ప్రయాణాల్లో చాలావరకు అలాంటివి కావు. పిల్లల్ని స్కూల్లో దింపడం, రైతుబజారుకు వెళ్లడం, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న ఆస్పత్రికి అమ్మను తీసుకెళ్లడం. వీటికి ఫ్లైఓవర్ ఎక్కే పనే ఉండదు. పైగా అది కింద రోడ్డును తినేస్తుంది. స్తంభాలకు మధ్యలో జాగా పోతుంది, ఎక్కే దిగే ర్యాంపుల పక్కన మిగిలేది సన్నటి సర్వీసు దారి. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. కొత్తగూడ దగ్గర మా అమ్మ చేయి పట్టుకుని రోడ్డు దాటిన రోజు నాకు కనిపించిన ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు కొబ్బరిబోండాల బండ్లు, తవ్వి పూడ్చని ఒక గొయ్యి ఉన్నాయి. మేం రోడ్డు మీదకే దిగి నడిచాం. స్తంభాల మధ్య అమ్మ ఆగిపోయి, "ఏ పక్క నుంచి వస్తున్నాయో తెలియట్లేదురా" అంది. ఆమెకు డెబ్భై ఒక్కటి.

ఇంకోటి, జామ్ పోదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుంది. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరిచిన కొత్తలో నాకు పావుగంట కలిసొచ్చింది, సంబరపడ్డాను. నెలలు గడిచేకొద్దీ ర్యాంపు దిగే చోటే క్యూ మొదలైంది. పైనుంచి వేగంగా తీసుకొచ్చిన బండ్లన్నిటినీ కిందున్న తర్వాతి సిగ్నల్ మింగలేదు కదా.

వేగం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బయోడైవర్సిటీ జంక్షన్‌లో పై అంచె ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న తెరిచారు. అదే నెల 23న ఒక కారు మితిమీరిన వేగంతో వంపు తిరగలేక పైనుంచి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఫ్లైఓవర్‌ను మూసేసి, జాగ్రత్తలు తీసుకుని, గంటకు 40 కిలోమీటర్ల పరిమితితో 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది. ఆమె ఫ్లైఓవర్ మీద ప్రయాణిస్తున్న మనిషి కూడా కాదు.

ఇక లింకు రోడ్లు, అంటే రెండు మెయిన్ రోడ్లను కలిపే చిన్న దారులు. వీటికి ప్రారంభోత్సవాల హడావుడి తక్కువ, పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది. కానీ నా లెక్కలో వీటిదే పెద్ద పీట. వీటికోసమే హైదరాబాద్ రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అని విడిగా ఒక సంస్థ పెట్టారు. మొదటి విడతలో అది పూర్తి చేసిన 22 లింకు రోడ్ల పొడవు సుమారు 24 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 275 కోట్లు. అంటే ఒక్క షేక్‌పేట ఫ్లైఓవర్ ఖర్చు కంటే తక్కువలో నగరంలో 22 చోట్ల కొత్త దారి పడింది. ఆరు లేన్ల ఫ్లైఓవర్‌నూ కాలనీల మధ్య లింకు రోడ్డునూ కిలోమీటరుకింత అని నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదు, ఒప్పుకుంటాను. అయినా కిలోమీటరుకు నూట ఇరవై కోట్ల దగ్గర ఒకటి, పదకొండు పన్నెండు కోట్ల దగ్గర ఇంకొకటి ఉన్నప్పుడు ముందు దేన్ని పట్టుకోవాలో ఆలోచించాలి కదా.

లింకు రోడ్డు చేసే పని మా కాలనీ వెనకే చూశాను. అటు ఒక మెయిన్ రోడ్డు, ఇటు ఒక మెయిన్ రోడ్డు, మధ్యలో మూడు వందల మీటర్ల ఖాళీ. మాస్టర్ ప్లాన్‌లో అక్కడ 60 అడుగుల రోడ్డు గీసి ఉంది. నేల మీద మాత్రం ఒక ప్లాటు, దాని చుట్టూ ప్రహరీ, ఒక వేపచెట్టు. ఆ మూడు వందల మీటర్లు లేక మేమంతా మూడు కిలోమీటర్లు, రెండు యూటర్న్‌లు తిరిగేవాళ్లం. రోడ్డు పోతుందని గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి ఐదేళ్లు గడిచినా పని ముందుకు కదల్లేదు. కాలనీ తరఫున మేం నలుగురం ఆ ప్లాటు యజమాని దగ్గరకు వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నా జాగ తీస్కొని కాగితం ఇస్తా అంటున్రు సార్. ఆ కాగితం మీద నేను ఇల్లు కట్టుకుంటనా?"

కాగితం అంటే టీడీఆర్ (ట్రాన్స్‌ఫరబుల్ డెవలప్‌మెంట్ రైట్స్). రోడ్డుకు జాగా ఇచ్చినవాళ్లకు డబ్బుకు బదులు, ఇచ్చిన జాగాకు నాలుగు రెట్ల మేర కట్టుకునే హక్కును సర్టిఫికెట్‌గా ఇస్తారు. దాన్ని బిల్డర్లకు అమ్ముకోవచ్చు. ప్రభుత్వానికి చేతిలోంచి నగదు పోదు కాబట్టి పద్ధతిగా అది మంచిదే. వంద గజాలు పోగొట్టుకున్న మామూలు మనిషికి మాత్రం ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఎప్పుడు కొంటారు అన్నీ అనుమానాలే. ఆయనకు కూతురి పెళ్లి ఉంది, డబ్బు కావాలి. ఆయన్ని మొండివాడనడం తేలిక. ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే అడిగేవాణ్ని. చివరికి అధికారులు పరిహారం కింద నగదుకు ఒప్పుకున్నారు, ఆయనా సరేనన్నారు, నాలుగు నెలల్లో రోడ్డు పడింది. ఇప్పుడు స్కూలు పిల్లలు ఆ దారిలో సైకిళ్ల మీద పోతున్నారు. అంతకుముందు ఆ పిల్లలందరూ ఆటోల్లోనో, అమ్మానాన్నల బండ్ల మీదో వెళ్లేవాళ్లు. అంటే మెయిన్ రోడ్డు మీద ఆ మేరకు బండ్లు తగ్గాయి.

లింకు రోడ్డుకు అసలు శత్రువు ఖర్చు కాదు, ఆలస్యం. ఫ్లైఓవర్‌కు కావలసింది ఎక్కువగా ఉన్న రోడ్డు మీద ఆకాశం, అది పదేళ్ల తర్వాతా అక్కడే ఉంటుంది. లింకు రోడ్డుకు కావలసింది నేల. ఈ ఏడాది పొలం, వచ్చే ఏడాది వెంచర్, ఆ తర్వాతి ఏడాది ముప్పై అంతస్తుల టవరు. మా వైపు గేటెడ్ కమ్యూనిటీలు ఒక్కొక్కటి ఇరవై, ముప్పై ఎకరాల్లో వస్తున్నాయి. చుట్టూ గోడ, ఒకే గేటు. లోపలివాళ్లకు హాయిగానే ఉంటుంది, కానీ బయట నడిచేవాడికి అది ఒక కోట, చుట్టూ తిరిగి పోవాల్సిందే. నాలుగు కోటలు పక్కపక్కన లేస్తే ఆ నాలుగింటి కార్లన్నీ ఒకే రోడ్డు మీదకు వచ్చి పడతాయి. అప్పుడు ఫ్లైఓవర్ కావాలని ధర్నా చేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

నగర శివార్ల ప్లానింగ్ చూసే హెచ్‌ఎండీఏ 2013లో నోటిఫై చేసిన మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్లు చాలావరకు గీసే ఉన్నాయి. గీసిన రోడ్డును పర్మిషన్ ఇచ్చేనాడే నేల మీద వేయించుకోగలిగితే సగం సమస్య పుట్టదు.

మూడోది బస్సు, రైలు. ఇది పై రెండింటికీ పోటీ కాదు, అవి రెండూ పనిచేయాలంటే ఇది తోడుండాలి. ఆఫీసు వేళలో ఒక్కొక్క కారులో ఒక్కొక్కరు చొప్పున నలభై మంది వెళ్తే, మధ్య ఖాళీతో కలిపి ఒక్కో కారుకు ఆరు మీటర్లు వేసుకున్నా 240 మీటర్ల క్యూ. వాళ్లందరూ ఒక బస్సులో పడతారు. బస్సు పొడవు 12 మీటర్లు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం అయ్యాక మా వైపు బస్సులు ఎలా నిండుతున్నాయో చూస్తూనే ఉన్నాం. మా ఇంట్లో పనికి వచ్చే ఆమె నెలకు ఆటోలకు పెట్టే ఖర్చు మిగిలిందని చెప్పింది. కానీ బస్సు కోసం అరగంట పైనే నిలబడుతుంది. జనం ఎక్కడం లేదన్న మాట ఇక్కడ చెల్లదు. చాలినన్ని బస్సులు లేవు.

మెట్రో సంగతి ఇంకా చిత్రం. మియాపూర్‌కు 2017 నవంబరులో వచ్చింది, రాయదుర్గానికి 2019 నవంబరులో వచ్చింది. ఈ రెండు చివర్ల మధ్యనే కొండాపూర్, కొత్తగూడ ఉన్నాయి, ఆఫీసులకు వెళ్లే జనమంతా అక్కడే. మియాపూర్ నుంచి రాయదుర్గం మెట్రోలో పోవాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ వెనక్కి రావాలి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 నుంచే ఉంది. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ స్టేషన్లు దాని మీదే ఉన్నాయి, టికెట్ చవక. కానీ స్టేషన్ దిగాక ఆఫీసుకు పోవడానికి మళ్లీ షేర్ ఆటో వెతుక్కోవాలి. రైలు వేళకు స్టేషన్ బయట చిన్న బస్సులు నాలుగు నిలబెట్టడానికి ఫ్లైఓవర్ ఖర్చులో ఎన్నో వంతు అవుతుంది? కొత్త మెట్రో రెండో దశకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదం తెలిపి కేంద్రానికి పంపిన ప్రతిపాదనల్లో రాయదుర్గం నుంచి కోకాపేట, మియాపూర్ నుంచి పటాన్‌చెరు మార్గాలు ఉన్నాయి. రావాలి, తప్పకుండా రావాలి. అయితే మెట్రో కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపు జరిగే పెళ్లిళ్లు, ప్రసవాలు, ఉద్యోగాలు అన్నీ ఈ రోడ్ల మీదే నడవాలి.

కాబట్టి నన్నడిగితే వరస ఇలా ఉండాలి. ఇంకా ఖాళీ జాగా మిగిలి ఉన్న తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి లాంటి చోట్ల ముందు లింకు రోడ్లు, అవీ ఫుట్‌పాత్‌తో, వాననీటి కాలువతో. రోడ్డు పడిన నెలలోనే దాని మీద బస్సు తిరగాలి. జనం కార్లు, బండ్లు కొనుక్కుని అలవాటు పడ్డాక వచ్చే బస్సును ఎవరూ ఎక్కరు. ఫ్లైఓవర్ ఆ తర్వాత, నేరుగా దాటిపోయే బండ్లు నిజంగా ఎక్కువ ఉన్న జంక్షన్‌లో మాత్రమే. కొండాపూర్, గచ్చిబౌలి లాంటి పూర్తిగా నిండిపోయిన చోట్ల ఈ వరస కొంత మారుతుంది. అక్కడ లింకు రోడ్డుకు నేల దొరకదు, ఫ్లైఓవర్ వల్ల కొంత ఊరట ఉంటుంది. కానీ అసలు మార్పు రావాల్సింది బస్సులతోనూ మెట్రోతోనూ. లింగంపల్లి అండర్‌బ్రిడ్జికైతే ఫ్లైఓవర్ కంటే ముందు కావలసింది నీళ్లు తోడే గట్టి మోటార్లు, ఆ నీళ్లు పోవడానికి దారి.

పోయిన ఆదివారం మా తమ్ముడు కొల్లూరు వైపు ఫ్లాటు చూడ్డానికి తీసుకెళ్లాడు. మోడల్ ఫ్లాటు, స్విమ్మింగ్ పూలు, అన్నీ చూపించారు. నేను మాస్టర్ ప్లాన్ షీట్ అడిగాను. సేల్స్ అబ్బాయి కాసేపు వెతికి తెచ్చాడు. అందులో ఆ స్థలం అంచునే వంద అడుగుల రోడ్డు గీసి ఉంది. కిటికీలోంచి చూస్తే అక్కడ ప్రహరీకి పునాది తవ్వుతున్నారు. "ఈ రోడ్డు ఎప్పుడొస్తుంది బాబూ?" అంటే, "వస్తది సార్, ప్లాన్‌ల ఉంది కదా" అన్నాడు. గోడ రోడ్డుకు ఇవతల లేస్తోందో అవతల లేస్తోందో కొలిచి చెప్పమని తమ్ముడితో కాగితం మీద రాయించి ఇచ్చి వచ్చాం. జవాబు వచ్చాకే అడ్వాన్స్.