"వెజిటేరియన్ బీఫ్ బ్రాత్" పేస్ట్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి, ముఖ్యంగా ఇంట్లో బీఫ్ తినని వాళ్ళకి ఈ పోస్ట్. కాస్త పొడుగవుతుంది, ఓపిక లేకపోతే ఇంతవరకు గుర్తుపెట్టుకోండి చాలు: ఆన్‌లైన్‌లో "వెజిటేరియన్ బీఫ్ స్టైల్ బ్రాత్ బేస్" (సూప్‌లోకి మాంసం ఉడికించిన నీళ్ళకి బదులు, మామూలు నీళ్ళలో కలుపుకునే పేస్ట్) అని కనపడ్డదల్లా వెజిటేరియన్ కాదు, ఫొటోలో ఆకుపచ్చ ఆకు చూసి ఆర్డర్ పెట్టేయకండి, సీసా చేతికొచ్చాక వెనక్కి తిప్పి చదివాకే మూత తీయండి. నేను తిప్పలేదు, దానికి తగ్గ శాస్తి జరిగింది.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో ఫ్రెంచ్ తీసుకుంది, క్లాసులో పాట్‌లక్ అన్నారు, అందరూ ఒక ఫ్రెంచ్ వంటకం తేవాలట. ఇది వెళ్ళి ఆనియన్ సూప్ తెస్తానని పేరు రాయించుకుని వచ్చింది, మనింట్లో ఉల్లిపాయలకి కొదవలేదు కదా అని దాని ధైర్యం. తీరా రెసిపీ చూస్తే ప్రతిదాంట్లోనూ ఆరు కప్పుల బీఫ్ బ్రాత్. మేం తినం, పైగా మా అత్తయ్యగారు గుడివాడ నుంచి వచ్చి మూడు నెలలైంది, ఆవిడ కోడిగుడ్డు కూడా ముట్టరు. తినేవాళ్ళు తింటారు, హైదరాబాద్‌లో బీఫ్‌తో చేసే కల్యాణి బిర్యానీ కోసం లైన్లో నిలబడేవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు, నా గొడవ అది కాదు. ఉన్నదాన్ని లేదని చెప్పి అమ్మడం గురించే నా గొడవంతా.

వెజిటబుల్ బ్రాత్ పోస్తే పోయేదిగా అంటారేమో, ఒకసారి పోసి చూశా, క్యారెట్ తీపి, దానికి తోడు వేగిన ఉల్లిపాయ తీపి, సూప్ కాస్తా పాయసం దారి పట్టింది. అందుకని వెతికి వెతికి ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో ఎవరో థర్డ్ పార్టీ సెల్లర్ దగ్గర ఈ పేస్ట్ తీసుకున్నా. ఎనిమిది ఔన్సుల సీసా, 14 డాలర్లు. టైటిల్లో వెజిటేరియన్, ఫొటోలో ఆకు, కింద ప్రశ్నల్లో ఎవరో ఇందులో మాంసం ఉందా అని అడిగితే సెల్లరే "లేదు" అని జవాబు రాశాడు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి తెలుస్తోంది, ఆ పేజీలో సీసా ముందువైపు ఫొటోలు ఐదున్నాయి, వెనకవైపు ఒక్కటి కూడా లేదు.

పాట్‌లక్‌కి వారం ముందు ట్రయల్ వేద్దామని గురువారం సాయంత్రం మొదలుపెట్టా. కేజీన్నర ఉల్లిపాయలు సన్నగా తరిగి వెన్నలో సన్నసెగ మీద గంటసేపు కలుపుతూ వేయించా, పకోడీ రంగు కూడా దాటి బెల్లప్పాకం రంగుకొచ్చాయి, నీళ్ళు పోసి ఈ పేస్ట్ రెండు చెంచాలు వేశా. వాసన మాత్రం ఘుమఘుమలాడింది, అబద్ధం చెప్పను. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు, ఉప్పు చూస్తానని గరిటెతో అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని నాకి, "కొంచెం ఎక్కువైందమ్మాయ్" అన్నారు. అప్పుడే మా అమ్మాయి సీసా చేతిలోకి తీసుకుని, దాని ఫ్రెండ్ ఒకమ్మాయికి గోధుమ పడదు, సీలియాక్, అందుకని గోధుమ ఉందేమో చూద్దామని వెనక్కి తిప్పింది. తిప్పి అలాగే నిలబడిపోయింది. "మమ్మీ, థర్డ్ ఇంగ్రీడియంట్ బీఫ్ ఫ్యాట్." ఆ కిందే బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా ఉంది. ముందువైపు లేబుల్ చూస్తే వెజిటేరియన్ అన్న ముక్కే లేదు, వచ్చిన సీసా వేరు, ఫొటోలో సీసా వేరు.

అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. సింకు దగ్గరికెళ్ళి నోరు పుక్కిలించుకుని, చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు, ఆ రాత్రి మజ్జిగ కూడా తాగలేదు. తిట్టినా బాగుండేది. గిన్నెడు సూప్ పారబోశా, గంట కష్టం పోయిందన్న బాధ కూడా రాలేదు అప్పుడు.

ఇప్పుడు రీఫండ్ కథ. సెల్లర్‌కి మెసేజ్ పెడితే తినే వస్తువులకి రిటర్న్ లేదు, కావాలంటే 20 శాతం వెనక్కిస్తాం అన్నాడు. నేను ఊరుకోలేదు, లిస్టింగ్ స్క్రీన్‌షాట్, సీసా రెండువైపులా ఫొటోలు, వాడు "లేదు" అని రాసిన జవాబు, మూడూ పెట్టి సైట్ వాళ్ళకే కంప్లయింట్ ఇచ్చా, ఆర్డర్‌లో చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి అని. పదకొండు రోజులకి మొత్తం డబ్బులొచ్చాయి. కాబట్టి మీకెప్పుడైనా ఇలాంటిది జరిగితే "మా మతం, మా ఆచారం" అని పేజీలు పేజీలు రాయకండి, మొదటి మెసేజ్‌లో నేనదే రాశా, వాళ్ళకి ఎక్కలేదు. చూపించిన వస్తువు వేరు, వచ్చింది వేరు అని రెండు లైన్లు రాస్తే పనైంది. సీసా మాత్రం పారేయకండి. సెల్లర్ పేరు ఎందుకు చెప్పట్లేదంటారా, వాడు రేపు ఇంకో పేరుతో ఇంకో పేజీ పెడతాడు, పేరు తెలిసి మీకు ఒరిగేదేమీ లేదు.

అసలు మనం ఎక్కడ మోసపోతామంటే, ఇండియాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క కనిపిస్తే వెజ్, గోధుమరంగు గుర్తు కనిపిస్తే నాన్‌వెజ్, కళ్ళు మూసుకుని కొనుక్కోవడం అలవాటు. ఇక్కడ అలాంటి తప్పనిసరి గుర్తు ఏదీ లేదు, ఆకు బొమ్మ ఎవడైనా వేసుకోవచ్చు. ఇంకోటి, ఇంగ్రీడియంట్స్‌లో "నేచురల్ ఫ్లేవర్" అని రెండు మాటలు కనిపిస్తాయి చూడండి, ఇక్కడి రూల్ ప్రకారం ఆ మాట కిందకి మాంసం నుంచి, చేప నుంచి, కోడి నుంచి తీసిన రుచులు కూడా వస్తాయి. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2001లో సియాటిల్‌లో మనదేశం నుంచి వచ్చిన లాయరే ఒకాయన మెక్‌డొనాల్డ్స్ మీద కేసు వేశారు, కూరగాయల నూనెలో వేయిస్తున్నాం అన్న ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉందని తేలింది, మరుసటి సంవత్సరం కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంత జరిగాక కూడా నేను ఆకు బొమ్మ నమ్మానంటే ఏం చెప్పాలి.

సరే, అంతటితో బుద్ధొచ్చిందా అంటే రాలేదు. రెండో సీసా కొన్నా, ఈసారి షాపుకెళ్ళి, నిలబడి, ప్రతి అక్షరం చదివి. ఇది నిజంగానే వీగన్. కానీ ఒక టీస్పూన్‌కి 860 మిల్లీగ్రాముల సోడియం, అంటే ఒక కప్పు నీళ్ళకి అంత. మనిషికి రోజుకి 2300 దాటొద్దంటారు. ఆరు కప్పులకి ఆరు టీస్పూన్లు వేస్తే అయిదు వేలు పైనే, పైగా ఈ సూప్ మరిగి మరిగి దగ్గరపడాలి, నీళ్ళు ఆవిరైపోతాయి కానీ ఉప్పు ఎక్కడికీ పోదు, పైన మళ్ళీ చీజ్ వేస్తాం. మా ఇంట్లో ఇద్దరికి బీపీ. దానికి తోడు ఇందులో హైడ్రోలైజ్డ్ వీట్ ప్రోటీన్, అంటే గోధుమే, ఆ సీలియాక్ అమ్మాయి కప్పులో బ్రెడ్ ముక్క వేయకపోయినా లాభం లేదు. ఎనిమిది డాలర్లు దండగ.

ఆ రోజు అత్తయ్యగారే వంటింట్లోకొచ్చి అడిగారు, అసలు ఆ బ్రాత్ అంటే ఏంటమ్మాయ్, ఎందుకు పోస్తారు అని. ఎముకలు, మాంసం గంటలకొద్దీ ఉడికించి వడకట్టిన నీళ్ళండీ, ముదురు రంగు, చిక్కటి రుచి వస్తుందని అన్నా. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఉలవకట్టు పొయ్యకూడదా? మా నాన్నగారింట్లో ఉలవలు ఎద్దులకి పెట్టి కట్టు మేం చారు కాచుకునేవాళ్ళం. ఎద్దుని ఉడకబెట్టక్కర్లేకుండా ఎద్దు తినేదాన్ని ఉడకబెట్టు" అన్నారు. ఆ గురువారం తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. నేను మొదట కొట్టిపారేశా, ఫ్రెంచ్ సూప్‌లో ఉలవచారేంటి అని. కానీ తప్పు నాదే.

షాపుల్లో దొరికే బ్రాత్‌లో ఉండే మాంసమే చాలా తక్కువ, ఇక్కడి ప్రభుత్వ లెక్కలో 135 పాళ్ళ నీళ్ళకి ఒక పాలు ప్రోటీన్ ఉన్నా దాన్ని మీట్ బ్రాత్ అని అమ్ముకోవచ్చు. రుచికి చాలావాటిలో వేసేది ఉప్పు, ఉల్లి పొడి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, రంగు కోసం మాడ్చిన పంచదార. నాలుక మీద మనకి మాంసం రుచిలా అనిపించేది చాలావరకు గ్లుటమేట్ అనే పదార్థం, 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ దాన్ని పట్టుకున్నది కూడా మాంసంలోంచి కాదు, సముద్రపు నాచు ఉడికించిన నీళ్ళలోంచి. అది టొమాటోలో ఉంటుంది, సోయాసాస్‌లో ఉంటుంది, ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో దానికి తోడు ఇంకో పదార్థం ఉండి రెండూ కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఏదో ఒక్కటే వేస్తే కుదరదు, రెండు మూడు కలవాలి.

నేను చేసింది చెప్తా. కప్పు ఉలవలు రాళ్ళు ఏరి రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఏడు కప్పుల మంచినీళ్ళతో ఇన్‌స్టంట్ పాట్‌లో 50 నిమిషాలు పెట్టా, ప్రెషర్ దానంతటదే దిగాక వడకడితే అయిదు కప్పులు పైన కట్టు వచ్చింది, మట్టి కుండ రంగు, కొంచెం జిగురుగా, ఆ పేస్ట్ కలిపిన నీళ్ళకంటే ఇదే అసలు బ్రాత్‌లా ఉంది. అయిదారు ఎండు షిటాకేలు చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు ఒక కప్పు ఇందులో కలిపా, అడుగున ఇసుక ఉంటుంది, చివర్లో వంచకండి. ఉల్లిపాయలు వేగాక ఒక చెంచా టొమాటో పేస్ట్ వేసి ఎరుపు పోయి ఇటుకరంగు వచ్చేదాకా వేయించా, ఇది తొందరపడితే పచ్చి వాసనొస్తుంది. రెండు బిర్యానీ ఆకులు, కొంచెం థైమ్. ఉలవలకి ఒక మట్టివాసన ఉంటుంది కదా, దానికి చివర్లో ఒక చెంచా వెనిగర్ వేశా, సరిపోయింది. ఉప్పు అన్నీ అయ్యాక, దగ్గరపడ్డాక, చివర్లో. ఇంతే.

ఇక్కడ కూడా జాగ్రత్తపడాల్సినవి ఉన్నాయి. వూస్టర్‌షైర్ సాస్ నాలుగు చుక్కలు వేయమని ప్రతి రెసిపీలోనూ ఉంటుంది, దాంట్లో మన చింతపండుతో పాటు ఆంకోవీ అనే చేపలుంటాయి, వీగన్‌ది విడిగా దొరుకుతుంది. సోయాసాస్ వేసుకుంటే మామూలుదాంట్లో గోధుమ ఉంటుంది, పడనివాళ్ళకి గోధుమ లేని తమారి చూసుకోండి, అది కూడా ఒక పెద్ద చెంచాకి 900 మిల్లీగ్రాముల పైనే సోడియం. మార్మైట్ అని ఈస్ట్‌తో చేసే ఉప్పటి పేస్ట్ బాగానే పనిచేస్తుంది కానీ అర టీస్పూన్ దాటితే చేదు. రంగు కోసం ఇన్‌స్టంట్ కాఫీ చిటికెడు వేయమని ఎవరో చెప్తే వేశా, ఎవరూ వేయకండి. ఆఖరికి చీజ్ కూడా, ఈ సూప్ మీద మామూలుగా వేసే గ్రూయేర్ చీజ్‌ని సంప్రదాయంగా దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో (పాలు విరగడానికి వేసేది) చేస్తారు, ఇంత కష్టపడి కింద బీఫ్ తీసేసి పైన అది చల్లితే ఏం లాభం, మైక్రోబియల్ లేదా వెజిటబుల్ రెన్నెట్ అని స్పష్టంగా రాసున్న స్విస్ చీజ్ తీసుకున్నా.

పాట్‌లక్‌లో గిన్నె ఖాళీ అయింది, టీచరమ్మ రెసిపీ అడిగిందట, మా అమ్మాయికి ఉలవలని ఫ్రెంచ్‌లో ఏమంటారో తెలియక పప్పు అని చెప్పొచ్చింది. వడకట్టగా మిగిలిన ఉలవలకి అత్తయ్యగారు ఎండుమిర్చి, కొబ్బరితో తాలింపు పెట్టారు. ఆవిడ ఆ సూప్ తాగారా అంటే తాగలేదు, నేనూ బలవంతపెట్టలేదు, కట్టు ఒక గిన్నెడు విడిగా తీసి చారు కాచి ఇస్తే వెన్న వేసుకుని అన్నంలో తిన్నారు.

నిన్న రాత్రి ఆ లిస్టింగ్ మళ్ళీ తెరిచి చూశా. నా రివ్యూ కనపడట్లేదు. ధర 16 డాలర్లయింది. ఆకు బొమ్మ అక్కడే ఉంది.