నాగ మిర్చి విత్తనాల పేరిట నాకు వచ్చిన ప్యాకెట్: కొనబోయేవారు గమనించగలరు

పాతకాలపు ఘాటు మిరప రకాలను డాబా మీద కుండీల్లో విత్తనం నుంచి పెంచాలనుకునేవారు, ఫోన్‌లో కనిపించే ప్రకటనకు డబ్బు కట్టే ముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. మాది రావులపాలెం దగ్గర పల్లె. గౌతమి దాటితే కడియం నర్సరీలే అయినా, నేను వెళ్లినప్పుడు నాగ మిర్చి (ఈశాన్య రాష్ట్రాల్లో పండే అతి ఘాటైన మిరప) నారు దొరకక, ఇరవై గింజలకు 349 రూపాయలు ముందుగానే చెల్లించి శ్రావణ మాసంలో ఒక ప్యాకెట్ తెప్పించుకున్నాను.

లెక్కపెడితే పదిహేడు గింజలే ఉన్నాయి. ప్యాకింగ్ తేదీ గాని, లాట్ నంబరు (ఆ గింజలు ఏ విడతవో తెలిపే సంఖ్య) గాని, మొలక శాతం గాని కవరు మీద ఎక్కడా లేవు. నాలుగైదు గింజలు గోధుమ రంగుకు తిరిగి, గోటితో నొక్కగానే పొడిగా రాలిపోయాయి. నాటు విత్తనం ఇలాగే ఉంటుందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మిగిలినవి రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన ట్రేలో వేసి, అదే ట్రే చివరి వరుసలో మా ఇంటి పండు మిరపకాయ గింజలు పది వేశాను. వారం తిరిగేసరికి కొన్నవాటిలో ఆరు, ఇంటివాటిలో తొమ్మిది మొలిచాయి. నేను సంతోషించాను గాని, నిజానికి అనుమానించవలసింది అప్పుడే. నాగ మిర్చి మన వంటింటి మిరప జాతి కాదు. అది క్యాప్సికం చైనెన్స్ జాతికి చెందినది. ఆ గింజ మంచి వెచ్చదనంలో కూడా సాధారణంగా రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల దాటేదాకా మొలవదు.

కార్తీకంలో పూత వచ్చాక సంగతి బయటపడింది. చైనెన్స్ మొక్కకు ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు పూలు గుత్తిగా వస్తాయి, రెక్కలు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపులో ఉంటాయి, తొడిమ కాయను కలిసేచోట ఉంగరం తొడిగినట్టు చిన్న నొక్కు ఉంటుంది. నా మొక్కలకు కణుపుకు ఒక్కటే పువ్వు, అదీ మల్లెపువ్వంత తెలుపు. లంకల్లో ఏళ్ల తరబడి మిరప వేసిన ఎదురింటి తాతగారు ఒక ఆకు తుంచి చూసి, “ఇది సంత మిరపేనమ్మా” అన్నారు.

అమ్మినవారికి ఫొటోలు పంపితే, కోనసీమ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి మొక్క అలా మారిందని జవాబిచ్చారు. ఉప్పునీటికి మొలక చచ్చిపోవచ్చు గాని జాతి మారదు. పైగా నేను పోసింది డ్రమ్ముల్లో పట్టిన వాన నీరు. డబ్బు వాపసుకు ఏడు రోజులే గడువట. మొలవడానికే మూడు వారాలు పట్టే గింజకు ఏడు రోజుల గడువు పెట్టడంలోనే వారి తెలివి ఉంది.

1966 నాటి విత్తనాల చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన (జాబితాలో ప్రకటించిన) రకాలకు లేబుల్ మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ తప్పనిసరి. ఇలాంటి అరుదైన రకాలు చాలావరకు ఆ జాబితాలో ఉండవు కనుక, ఆ వివరాలు మనమే అడిగి తీసుకోవాలి. ఏ సంవత్సరం కాయ నుంచి తీశారో, తల్లి మొక్క పక్కన వేరే మిరప ఉందో లేదో కూడా అడగండి, ఎందుకంటే తేనెటీగలు పుప్పొడి మోసుకెళ్తే పక్క రకంతో సంకరం కావచ్చు. తల్లి మొక్క పువ్వు ఫొటో పంపమనండి. కాయ ఫొటో ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టుకోవచ్చు. ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా 2023లో గిన్నిస్ రికార్డు కొట్టిన పెప్పర్ ఎక్స్ విత్తనాలంటూ ఎవరైనా చూపితే అసలే కొనవద్దు. రికార్డు వచ్చేనాటికి దానిని తయారుచేసినాయన గింజలను బయటకు ఇవ్వనేలేదు.

నేను మోసపోయిన పేజీ ఇప్పుడు వేరే పేరుతో, 299 రూపాయల ధరతో కనిపిస్తోంది. ఫొటో మాత్రం పాతదే: ముడతలు పడిన ఎర్రటి కాయలు, పక్కన సొట్టపోయిన రాగి చెంబు.