డాష్‌బోర్డు చెక్కకి 'పీయూ పాలిష్' అంటే వెంటనే ఒప్పుకోకండి: తిరుపతి, చిత్తూరు కార్ల వాళ్లకు జాగ్రత్త

తిరుపతిలో కొన్ని కార్ డెకార్స్ షాపులు ఈ మధ్య "ఉడ్ ప్యానెళ్లు కొత్తవాటిలా చేసిస్తాం సార్, పీయూ పాలిష్" అని పని ఒప్పుకుంటున్నాయి. పీయూ అంటే పాలీయూరిథేన్, గట్టి పారదర్శక పూత. ఒప్పుకున్నాక ప్యానెళ్లు ఊడదీసి పంపేది మంచాలకూ తలుపులకూ పాలిష్ కొట్టే మనిషి దగ్గరికి. అలా చేయించిన ఒక 90ల నాటి బెంజ్ ఈ220 సెట్టు ఎలా తయారయిందో చూడండి. తెచ్చిన రోజు అద్దంలా మెరిసింది. ఒక్క ఎండాకాలం దాటేసరికి ఏసీ వెంట్ల అంచుల్లో వెంట్రుకవాసి తెల్లగీతలు వచ్చాయి, గోరు పెడితే క్లియర్ (పైనున్న పారదర్శక పూత) పొట్టులా లేస్తోంది. గేర్ చుట్టూ ఉండే ముక్క ఇంకా ఘోరం. మూలల్లో వాల్‌నట్ చెక్క రేఖలే లేవు. వీనీరు (పైన అతికించే పలుచటి అసలు చెక్క పొర) అరిగిపోయి కింది పొర బయటపడితే, దానిమీద గోధుమరంగు స్టెయిన్ పులిమి పైన మెరుపు కొట్టేశారు. బిల్లులో రాసింది "ఉడ్ పాలిష్, 1 సెట్" అని మాత్రమే. ఆ బిల్లు పట్టుకుని ఎవరినీ ఏమీ అడగలేరు.

ఈ పని ఎందుకు చెడుతుందో తెలిస్తే షాపులో ఏం అడగాలో తెలుస్తుంది.

మొదట మీ కారులో ఉన్నది చెక్కేనా? మామూలు కార్లలో 'ఉడ్ ఫినిష్' అంటే చాలావరకు ప్లాస్టిక్ మీద ప్రింటు. ప్యానెల్ తీసి వెనక చూడండి. వెనక అంతా ప్లాస్టిక్కే ఉండి, ఏబీఎస్ అనో పీపీ అనో ప్లాస్టిక్ రకం పేరు అచ్చు కనిపించి, అంచు దగ్గర ఎక్కడా చెక్క పొర లేకపోతే అది ప్రింటే. అసలు వీనీరుకు వెనక అల్యూమినియం గానీ పలుచటి ప్లై పొరలు గానీ ఉంటాయి. కొన్ని కార్లలో ప్లాస్టిక్ మీదే అసలు వీనీరు అతికిస్తారు కాబట్టి అంచు కూడా చూడాలి. ఇంకో గుర్తు: ప్యానెల్‌ని వెలుగులో అటూ ఇటూ తిప్పితే అసలు చెక్కలో రేఖల మెరుపు కదులుతుంది, ప్రింటులో కదలదు. ప్రింటు ప్యానెల్‌కి ఎమరీ పెట్టారంటే నిమిషంలో డిజైన్ పోతుంది, దాన్ని తిరిగి తెచ్చేది లేదు. పైనున్న క్లియర్ మాత్రమే మసకబారితే 2000 నంబరు వాటర్ పేపరుతో తేలిగ్గా రుద్ది, కాంపౌండు (మెరుగు పేస్టు) పెడితే చాలు. డిజైనే పోయి ఉంటే హైడ్రో డిప్పింగ్ చేయించాలి. నీళ్లమీద తేలే డిజైన్ ఫిల్ముకి యాక్టివేటర్ (మెత్తబరిచే ద్రవం) కొట్టి, ముక్కను అందులో ముంచే పని అది. ఇందులోనూ ఒక మోసం ఉంది. పీపీ ప్లాస్టిక్‌కి రంగు సొంతంగా పట్టదు, అడుగున రంగు పట్టుకునేలా చేసే అడ్హిషన్ ప్రమోటర్ కొట్టాలి. ఖర్చు మిగులుతుందని అది మానేస్తే డోర్ హ్యాండిల్ దగ్గర చెయ్యి తగిలే చోట డిజైన్ మొత్తం తొక్కలా ఊడొస్తుంది.

ఇక అసలు వీనీరు. అది సుమారు అర మిల్లీమీటరు మందం. దానిమీద కంపెనీ పోసిన క్లియర్ మందంగా, రాయిలా ఉంటుంది. పగిలి పసుపెక్కిన ఆ పాత క్లియర్‌ని తియ్యడమే ఈ పనిలో ముప్పాతిక కష్టం. మామూలు థిన్నర్‌కి అది కరగదు. అందుకని ఫర్నిచర్ వాళ్లు 80 నంబరు గరుకు పేపరు వేసి మెషీన్ పెడతారు. తలుపు చెక్కకైతే సరే, రెండు మిల్లీమీటర్లు పోయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ వంపు తిరిగిన అంచు మీద మెషీన్ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే వీనీరు గల్లంతు. తెలిసినవాళ్లు హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి, క్లియర్ మెత్తబడే కొద్దీ స్క్రాపర్‌తో పెచ్చులుగా లేపుతారు. వేడి ఎక్కువైతే కింది జిగురు వదిలి వీనీరు ఉబ్బుతుంది కాబట్టి తొందర పనికిరాదు. మిగిలింది 320 పేపరుతో చేత్తోనే, రేఖల వెంబడే రుద్దాలి. "మెషీన్ వాడతారా?" అని అడిగి, "వాడకపోతే ఎట్లా సార్" అంటే ముక్కలు తీసుకుని బయటికి వచ్చేయండి.

తర్వాతది పీయూ మాట. కారులోపల నిలబడేది హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే టూకే పీయూ క్లియర్, అంటే రెండు డబ్బాలవి కలిపి కొట్టేది. షాపుల్లో ఆ పేరు చెప్పి కొట్టేది చాలాసార్లు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ గానీ, మెలమైన్ గానీ. రెండూ చవక, తొందరగా ఆరతాయి, ఇంట్లో నీడపట్టున బాగానే ఉంటాయి. మన ఊళ్లో మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రాత్రికి చల్లబడుతుంది. ఆ సాగుడూ ముడుచుకోవడమూ తట్టుకోలేక బిరుసుగా ఉండే పొర పగులుతుంది. తీసుకునేటప్పుడు చిన్న పరీక్ష: వెనక్కి మడిచిన, బయటికి కనపడని అంచు మీద థిన్నర్‌లో తడిపిన దూదిని ఒక్కసారి అద్దండి. జిగటగా మారి దూది అంటుకుంటే అది ఎన్‌సీ. పూర్తిగా ఆరిన టూకే దానికి చలించదు. మెలమైన్ మాత్రం ఈ పరీక్షలో దొరకదు, అందుకే కలిపే ముందు క్లియర్ డబ్బా, హార్డ్‌నర్ డబ్బా రెండూ చూపించమనండి. ఎంతకు ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది, కంపెనీని బట్టి రెండుకొకటి, నాలుగుకొకటి అలా. కంటి అంచనాతో పోసేవాడికి పని ఇవ్వకండి.

పూతలు పలుచగా అయిదారు పడాలి, మధ్యలో 600తో తేలికపాటి రుద్దుడు. అన్నీ ఒక్కరోజులో మందంగా పోస్తే లోపలి థిన్నర్ బయటికి రాలేక సూదిమొన బుడగలు వస్తాయి. ఆఖరి పూత అయ్యాక కనీసం వారం వదిలెయ్యాలి. క్లియర్ నెమ్మదిగా రేఖల్లోకి కుంగుతుంది. కుంగాకే 1500, 2000 వాటర్ పేపర్లు, ఆపైన పాలిష్. "రేపు సాయంత్రం వచ్చి తీసుకోండి" అన్నారంటే ఈ వరస ఏదీ జరగదన్నమాటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, గాలిలో తేమ. హార్డ్‌నర్‌కి తేమ పడదు, ఎన్‌సీ అయితే తెల్లగా పాలమబ్బు కమ్ముతుంది. ఆ నెలల్లో మూసిన స్ప్రే గది (బూత్) లేని షాపుకు ఇవ్వకపోవడమే మంచిది. డాష్‌బోర్డుకు సిలికాన్ పాలిష్ రాసే అలవాటుంటే ముందే చెప్పండి, అది శుభ్రంగా పోకపోతే క్లియర్ చేపకళ్లలా గుంటలు పడుతుంది.

స్టిక్కర్ సంగతి క్లుప్తంగా. చవక రకం వినైల్ వేడికి ముడుచుకుంటుంది, అంచుల్లో జిగురు గీత బయటపడి దుమ్ము పడుతుంది. పైన గాజులా ఉబ్బెత్తుగా ఉండే '3డీ ఉడ్ కిట్లు' ఆన్‌లైన్‌లో వస్తున్నాయి, వాటిలో ఎపాక్సీ పోసినవి ఎండకు పసుపెక్కుతాయి. ఏ రకమైనా సరే ఎయిర్‌బ్యాగ్ మూత మీదా, అది చీలే గీత మీదా ఏదీ అంటించనివ్వకండి. ఎయిర్‌బ్యాగ్ దగ్గరి ప్యానెల్ ఊడదీసే ముందు బ్యాటరీ వైరు తీసి పది నిమిషాలు ఆగాలి. ఆగని మెకానిక్ ఎంత సీనియర్ అయినా వద్దు.

ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే వెనక క్లిప్పులు విరుగుతాయి. విరిగాయని చెప్పరు, ఫెవిక్విక్ వేసి అంటించేస్తారు. దాని ఆవిరికి చుట్టూ క్లియర్ తెల్లబడుతుంది, ఘాట్ రోడ్డు ఎక్కితే ప్యానెల్ కిటకిటలాడుతూనే ఉంటుంది. ఇచ్చేముందు క్లిప్పులు లెక్కపెట్టి, వెనకవైపు ఫోటోలు తీసుకోండి.

ఇంకొకటి, మన ప్రాంతంలోనే వినిపించేది: "ఎర్రచందనం ముక్కతో చేసిస్తాం సార్, మిగిలిన చెక్క ఉంది." వద్దు. ఎర్రచందనం తరలించాలంటే అటవీశాఖ అనుమతి పత్రాలు ఉండాలి. చెక్‌పోస్టులో ఆపితే సమాధానం చెప్పాల్సింది కారులో కూర్చున్న మీరే. చెక్కబొమ్మలకు పేరుపడ్డ మాధవమాల ఊరి శిల్పుల పనితనానికి దండం పెట్టొచ్చు, కానీ లావు చెక్కను ప్లాస్టిక్ అచ్చు మీద అతికించడం వేరే విషయం: రెండూ వేడికి ఒకేలా సాగవు, జిగురు వదులుతుంది.

బాగుచేయలేనంత పోతే పాత ఒరిజినల్ సెట్టు వెతకండి. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు అది కుడిచేతి స్టీరింగు కారుదో కాదో చూడాలి. ఎడమ స్టీరింగు కారు డాష్ ముక్క మనకు అద్దంలో బొమ్మలా తిరగబడి వస్తుంది, పట్టదు. తలుపు ముక్కలు పట్టినా డ్రైవర్ వైపు స్విచ్చుల రంధ్రాలు కలవకపోవచ్చు. వెనకున్న పార్ట్ నంబరు ఫోటో పంపమని, మీ దానితో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. రంగూ రేఖలూ పాత ముక్కలతో కలవవు కాబట్టి ఒక్క ముక్క కాకుండా సెట్టుగానే కొనాలి.