సీ-295 కోసం ప్రయాగ దాకా

ప్రయాగ అనగానే మనవాళ్ళకి త్రివేణీ స్నానం, అట్నుంచటే కాశీ. మేం వెళ్ళింది మాత్రం విమానం కోసం. 2023 అక్టోబర్ 8న వైమానిక దళ దినోత్సవం అక్కడ జరిగింది. పొద్దున బమ్రౌలీ వైమానిక స్థావరంలో పరేడ్, మధ్యాహ్నం సంగమం మీద ఎయిర్ షో. జనమంతా రఫేల్ కోసం వస్తే నేనూ మావయ్యా వెళ్ళింది సీ-295 అనే రవాణా విమానం కోసం. అప్పటికి అది మన దేశంలో దిగి మూడు వారాలు కూడా కాలేదు. మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నన్నాళ్ళూ ఆవ్రో అనే పాత రవాణా విమానాలతోనే గడిపాడు. ఈ కొత్తది వచ్చింది వాటి స్థానంలోకే.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ప్రయాగ్‌రాజ్ ఛివ్‌కీలో దిగాలి. అది యమునకి ఇవతల, నైనీ వైపు. మేం తెలివిగా అవతలి ఒడ్డున దారాగంజ్ దగ్గర ఒక సత్రంలో గది చెప్పుకున్నాం. తీరా వెళ్తే గది లేదు, హాల్లో రెండు చాపలు ఇచ్చారు. భోజనం మాత్రం శుభ్రంగా, వేడిగా పెట్టారు కాబట్టి గట్టిగా అడగలేకపోయాం. మళ్ళీ వెళ్తే నైనీలోనే ఏదో ఒక లాడ్జి చూసుకుంటాను.

ఎందుకంటే, షో చూడ్డానికి మంచి చోటు కూడా ఆ ఒడ్డే. అక్టోబర్ మధ్యాహ్నం సంగమం ఒడ్డున నిలబడి యమున వైపు కెమెరా ఎత్తితే ఎండ సూటిగా కంట్లో పడుతుంది, విమానాలు నల్లటి బొమ్మల్లా వస్తాయి. అరైల్ ఘాట్ నుంచి ఉత్తరానికి తిరిగితే సూర్యుడు వీపు వెనక్కి పోతాడు. ఈ సంగతి మావయ్య ముందురోజు సాయంత్రమే ఆకాశం చూసి చెప్పాడు. అందుకని మర్నాడు మళ్ళీ వంతెన దాటాం. ట్రాఫిక్ మళ్ళించడంతో ఆటోవాడు దూరంగానే దింపేశాడు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. మిగతా దారంతా నడకే. అరైల్‌లో నీడ లేదు, మంచినీళ్ళు మోసుకెళ్ళాల్సిందే. కానీ నది అంతా కళ్ళముందు ఉంటుంది, తోపులాట తక్కువ.

సీ-295 వచ్చేసరికి పక్కనున్న కుర్రాడు "ఏఎన్-32!" అని అరిచాడు. అది వైమానిక దళంలోని ఇంకో రవాణా విమానం, పొరపాటు సహజమే. రెండూ బూడిద రంగువే, రెండింటికీ రెక్క పైనే ఉంటుంది. కానీ ఏఎన్-32 ఇంజన్లు రెక్క మీదెక్కి కూచున్నట్టుంటాయి, దీనివి రెక్కలో ఒదిగి ఉంటాయి. దీని రెక్క కొసలు పైకి మడిచి ఉంటాయి. శబ్దమూ వేరే. ఏటీఆర్ విమానం ఎక్కినవాళ్ళకి ఆ గొంతు తెలిసే ఉంటుంది, రెండింటికీ ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ127 కుటుంబం ఇంజన్లే. చాలా మెత్తగా వచ్చి వెళ్ళిపోయింది. ఫైటర్ల తర్వాత ఇది చప్పగా ఉందని చాలామంది అనుకుని ఉంటారు. నాకలా అనిపించలేదు. 71 మంది సైనికుల్ని, లేదా 50 మంది పారాట్రూపర్లని మోసుకుపోయే బండి సోకులు పోనక్కర్లేదు.

మావయ్య చూసింది తోక కింద భాగం. ఆవ్రోకి వెనక ర్యాంపు లేదు, సామానంతా పక్క తలుపులోంచే ఎక్కించాలి. దీనికి వెనక భాగం కిందికి తెరుచుకుంటుంది, జీపు నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. "ఆ రోజుల్లో ఈ తలుపుంటే నా నడుం బతికేదిరా" అన్నాడు.

నాకున్న అసంతృప్తి ఒక్కటే. మొత్తం అరనిమిషం కూడా కనబడలేదు. ఇలాంటి విమానాన్ని నేల మీద నిలబెట్టి, ర్యాంపు దించి, లోపల నడవనివ్వాలి. ఆ ముచ్చట తీరాలంటే బెంగళూరు దగ్గర యలహంకలో జరిగే ఏరో ఇండియా లాంటి విమాన ప్రదర్శనలే నయం. మొత్తం 56 కొంటున్నారు. 16 స్పెయిన్‌లోని సెవీయాలో తయారయ్యాయి, మిగతా 40 వడోదరలో టాటావాళ్ళు తయారు చేస్తారు. కాబట్టి దగ్గరగా చూసే అవకాశం ఎప్పుడో రాకపోదు.

తిరుగు రైల్లో మావయ్య నా కెమెరా తీసుకుని తోక దగ్గర పెద్దది చేసి చేసి చూశాడు. సత్నా దాటాక తిరిగిచ్చేస్తూ, "ఆ తలుపు గీత కనబడేది ఒకటుంది చూడు, అది పంపు" అన్నాడు.